సున్నపు నేల

"ఆపవమ్మా! ముందు ఆపు!"

ఇంజినీరమ్మ కేకకి కొత్త లైబ్రరీ హాలు దద్దరిల్లింది.

సున్నపు నేల పోసి నాలుగు రోజులే అయింది. ఇంకా పచ్చి ఆరలేదు. గడప పక్క మూలలో ఎవరో అవ్వ చతికిలబడి, చూపుడువేలు లేని చేత్తో చెక్క పట్టుకుని నేలని టపాటపా బాదుతోంది.

"మూడు రోజులుగా పొద్దున్నే వస్తోంది మేడమ్. పాపం పెద్దది కదా అని ఊరుకున్నా," అని వాచ్‌మన్ నసిగాడు.

"ఆరే నేలని కదిపితే పగిలిపోదూ?"

"సిమెంటయితే పగులుతుంది తల్లీ. సున్నాన్ని బాదకపోతేనే బీటలిస్తుంది. చెక్క ఎదురు తన్నేదాకా కొట్టాలి."

ఇంజినీరమ్మకి ఒళ్లు మండింది.

ఈ నేల కోసం ఆవిడ రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. ఇన్ని గాజు మేడల మధ్య సున్నమేంటని నవ్వినవాళ్లందరికీ ఓపిగ్గా నచ్చజెప్పింది. చిన్నప్పుడు పాత లైబ్రరీ చల్లటి నేల మీద బోర్లా పడుకునే ఆవిడ చదువుకుంది. అక్కడ గడప పక్కన ఒక రేక లేని బుల్లి పువ్వు గుర్తు ఉండేది. రోజూ ఆ ఖాళీలో వేలు పెట్టి పువ్వుని పూర్తి చేసి గానీ పుస్తకం తెరిచేది కాదు. ఆ లైబ్రరీని కూల్చేశారు. ఆ చల్లదనం ఈ పిల్లలకీ దక్కాలని ఆవిడ పట్టుదల.

సోమవారం కమిషనర్ వస్తాడు. బీటలు కనిపిస్తే టైల్సే.

"నీకు దణ్ణం పెడతాను. వెళ్లు అవ్వా!"

అవ్వ తను బాదిన మూల మీద తడి గోనెపట్టా కప్పి, చెక్క చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారానికి నేలంతా బీటలే.

"చెప్తే విన్నారా? ఇక టైల్స్ వేయించండి," అన్నాడు కమిషనర్. అంటూనే కాలితో గోనెపట్టా పక్కకి తోశాడు.

దాని కింద వెంట్రుకంత బీట కూడా లేదు.

"ఇదెవరు చేశారు?"

"ఒక అవ్వండీ," అంది ఇంజినీరమ్మ.

"సరే, నెల రోజులిస్తాను. నేలంతా ఇలా రావాలి."

వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని ఆవిడ వెనక సందులోకి పరుగెత్తింది. అవ్వ గదికి తాళం వేసి ఉంది.

"మొన్న నిద్రలోనే పోయిందమ్మా," అంది పక్కింటావిడ. లోపలికెళ్లి గుడ్డలో చుట్టిన చెక్క తెచ్చింది. "ఇంజినీరమ్మ రాకపోదు, వస్తే ఇమ్మంది."

"నేను... కసిరి పంపేశానండీ."

"ఆ మాటే చెప్పలేదే! నేల మీద ప్రాణం పెట్టుకున్న పిల్ల అని మురిసిపోయింది. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో కొట్టమని మరీ మరీ చెప్పింది."

ఇంజినీరమ్మకి ఏడుపు ఆగలేదు.

తిరిగొచ్చి ఆ మూలలోనే కూలబడింది. నేలకి అంటుకున్న గోనె పీచుని కొంగుతో మెల్లగా తుడిచింది.

చిన్నప్పుడు రోజూ తను వేలు పెట్టి పూర్తి చేసిన పువ్వే గడప పక్కన మళ్లీ కనిపించింది, నాలుగు వేళ్లతో అద్ది, చూపుడువేలి చోటు ఖాళీగా.