అత్తగారి చీమలు

“ఊపిరి బిగబట్టు!” అంది అత్తగారు.

కోడలు బిగబట్టింది. ఆ ఇంట్లో ఆమెకు అలవాటైన పనే అది.

హాల్లో బల్ల మీద ఒక గాజు గొట్టం. అందులో నలుసంత చీమలు రెండు వందలదాకా ఉంటాయి. మూత తీసినప్పుడు కాస్త గట్టిగా ఊపిరి వదిలితే చాలు, కొట్టుకుపోతాయి. బడిలో సైన్సు ల్యాబు చూసుకుని రిటైరైన అత్తగారికి వాటి మీద ఉన్నంత ప్రేమ కన్నకొడుకు మీద కూడా లేదు. ఇక కోడలి సంగతి చెప్పేదేముంది!

కొడుకు లిఫ్టుల మెకానిక్. లిఫ్టుల్లో ఇరుక్కున్న జనాన్ని బయటికి తీసి శభాష్ అనిపించుకుంటాడు. పొద్దున్నే డ్యూటీకి పోతూ ఇంటి తలుపుకి మాత్రం తాళం వేసి పోతాడు. రెండో తాళంచెవి తల్లి నడుము దగ్గర ఉంటుంది. పెళ్లయి పదమూడు నెలలైంది. కోడలి ఫోను మొదటి నెలలోనే మాయమైంది. ఇదేమిటని మొగుణ్ణి అడిగిన రెండుసార్లూ ఆమె చెంప వాచింది.

ఒకసారి అత్తగారు చెత్త పారేయడానికి కిందికి వెళ్తూ తలుపు బార్లా తెరిచి పోయింది. కోడలు గడప దాకా వెళ్లింది. మెట్లవైపు చూసింది. కాళ్లు గజగజలాడాయి. తనే తలుపు మూసేసి, వెనక్కొచ్చి కూర్చుంది. అత్తగారు తిరిగొచ్చి మూసిన తలుపునీ, కోడలినీ చూసి, చీమల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజంతా కోడలు తనను తానే తిట్టుకుంది.

“ఈ గొట్టం బూజు పట్టింది. వీటిని మార్చాలి,” అంది అత్తగారు, ఒక కొత్త గొట్టాన్ని పాతదాని మూతికి ఆనించి అతికిస్తూ.

“దాంట్లోంచి దీంట్లోకి దులిపేస్తే పోదా అత్తయ్యా?”

“నిన్ను దులిపితే తెలుస్తుంది! తోలితే బెదిరిపోయి ఇంకా లోపలికి దూరతాయే. కొత్తదాని మీద నల్లకాగితం కప్పాలి. పాతదాని మీద లైటు వెయ్యాలి. ఇవాళ కాకపోతే రేపు, వాటికే అక్కడ ఉండబుద్ధి కాదు. మూటాముల్లె సర్దుకుని పోతాయి. పైగా అదంతా తమ తెలివే అనుకుంటాయి, వెర్రిమొహాలు!”

చీమలకిచ్చే మర్యాదలో పావువంతు తనకిస్తే బాగుండుననుకుంది కోడలు.

అదీ దక్కలేదు. ఆ నెల ముసలామె నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. వండింది బాగోలేదు, ఊడ్చింది బాగోలేదు, నిలబడ్డ తీరు బాగోలేదు. హాల్లో కళ్లు ఆనడం లేదంటూ కోడలి గదిలో కళ్లు జిగేల్మనే బల్బు పెట్టించింది. మధ్యాహ్నమంతా అక్కడే పుస్తకం పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఒంటరిగా కూర్చుని ఏడవడానికి కూడా చోటు లేదు.

ఆ గదిలో కోడలికి మిగిలిన సుఖం ఒక్కటే. కిటికీకి వేసిన పసుపుపువ్వుల తెర. పెళ్లికి ముందు తన చేత్తో కుట్టుకుంది. కునికిపాట్లు పడుతూ కుట్టడం వల్ల కింది అంచు ఒక మూల వంకరపోయింది. ఆ వంకరంటే ఆమెకి ప్రాణం.

ఒకరోజు అత్తగారు దాన్ని కాస్తా పీకేసింది.

“చీమల బల్ల తుడవడానికి గుడ్డ కావాలి.”

“అది నాది అత్తయ్యా!” పదమూడు నెలల్లో కోడలు గొంతు పెంచడం అదే మొదలు.

“ఈ ఇంట్లో నీదంటూ ఏముందే?” అంది అత్తగారు.

ఆ మాట కోడలి గుండెలో ముల్లులా దిగబడింది.

చీమల బల్ల మీద పాత పేపరు పరిచి ఉండేది. అందులో ఒక ప్రకటన. కుట్టుపని వచ్చిన ఆడవాళ్లు కావాలి, ఉండటానికి గది కూడా ఇస్తాం అని. కింద వీధి పేరు, ఇంటి నంబరు. బల్ల తుడిచినప్పుడల్లా చదివి కోడలు కంఠతా పట్టేసింది. అదృష్టంకొద్దీ ముసలామె ఆ పేపరు మార్చలేదు.

శుక్రవారం వచ్చింది. రెండు నెలలుగా ప్రతి శుక్రవారం అత్తగారు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తోంది. ఇవాళ వెళ్తూ వెళ్తూ కూడా నాలుగు తిట్టింది. ఆ తిట్ల ధ్యాసలో తాళం వేయడం మరిచిపోయింది.

ఈసారి కోడలి కాళ్లు వణకలేదు. ఒళ్లంతా కోపమే. రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుంది. హాలు దాటుతూ ఒక్క క్షణం ఆగింది. లైటు కింద పాత గొట్టం ఖాళీగా ఉంది.

“మీరే నయం,” అని మెట్లు దిగేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదు. ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూసుకుంది. ఈపాటికి ముసలామె ఇంటికొచ్చి, కొడుక్కి ఫోను చేసే ఉంటుంది. వాడు బయల్దేరే ఉంటాడు.

కుట్టు కేంద్రం పెద్దావిడ మెడలో టేపు వేసుకుని గుమ్మంలోనే ఎదురైంది. ఒక గుడ్డముక్క ఇచ్చి కుట్టించి చూసింది.

“చెయ్యి బాగుంది. పైన చివరి గది నీది.”

“ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే?”

“రానీ. మా గేటుకి గడియ లోపలి వైపు ఉంటుందమ్మా.”

కోడలు మెట్లెక్కి చివరి గది తలుపు తోసింది.

ఎదురుగా కిటికీకి, ఉతికి ఇస్త్రీ చేసిన పసుపుపువ్వుల తెర వేలాడుతోంది, కింది అంచు ఒక మూల వంకరగా.