కెరూబు కత్తి

“కత్తి తెల్లగా మొదలై ఎర్రగా మారాలి. ఉత్తుత్తి బొమ్మలా ఉంటే ఆదాము కాదు కదా, పిల్లి కూడా భయపడదు,” అంది రూబీ.

రాజమండ్రిలో ఎలక్ట్రానిక్స్ కొట్టు. యజమాని రమేష్ బాబు సామాన్లు బల్ల మీద పెడుతుంటే రూబీ భర్త ఏసురాజు ఏరుతున్నాడు. వారంలో సగం రోజులు ఊళ్లు పట్టుకుని తిరుగుతూ ఇన్వర్టర్లు బాగుచేసే మనిషి. ఏ బల్బుకా బల్బు రంగు మారే ఎల్ఈడీ స్ట్రిప్ తీశాడు. రంగుల ప్రోగ్రాం ఎక్కించడానికి చిన్న బోర్డు. తెలుపు వెలిగితే కరెంటు ఎక్కువ లాగుతుందని బలమైన ఛార్జింగ్ బ్యాటరీ. వెలుగు చుక్కలు చుక్కలుగా కనపడకుండా పాలరంగు గొట్టం.

“అన్నీ రెండేసి ఇవ్వండి. ఒకటి పోయినా ఇంకోటి ఉండాలి,” అన్నాడు.

ఎంత ముందుచూపో అని రూబీ మురిసిపోయింది.

ఇంటికొచ్చి ఏసురాజు కత్తి చేస్తుంటే, అది ఆరిపోయే ముందు ఒక్క క్షణం చిలకాకుపచ్చగా మెరవాలన్నది మాత్రం అచ్చంగా ఆవిడ ఆలోచన. భీమవరంలో జరిగే చర్చిల నాటకాల పోటీకి ఈసారి అందరికీ ఒకటే కథ, ఏదెను తోట. వాకిట కాపలా ఉండే దూత, కెరూబు వేషం వాళ్లమ్మాయి వినీలది.

“భీమవరం దాకా ఎందుకు? మన చర్చిలో ఆడితే చాలదా?” అని ఏసురాజు నసిగాడు. రూబీ వింటేనా!

పోటీలో ముందు నరసాపురం వాళ్లు ఎక్కారు. వాళ్ల కెరూబు కూడా వినీల ఈడు పిల్లే. కత్తి దూసింది. తెలుపు. ఎరుపు. ఆరిపోతూ, చిలకాకుపచ్చ!

“మనమే కాపీ కొట్టామంటారమ్మా. నేను స్టేజీ ఎక్కను,” అని వినీల ఒకటే ఏడుపు.

రూబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే రమేష్ బాబుకి ఫోన్ కొట్టింది. “నమ్మి మీ కొట్టుకొస్తే, మా పచ్చ మెరుపు సంగతి నరసాపురం వాళ్లకి చెప్పి గొంతు కోస్తారా?”

“అయ్యో, సామాన్లు ఇచ్చానండి. పచ్చ మెరుపు సంగతి నాకెవరు చెప్పారండి?”

అబద్ధాలకోరు, అనుకుంది రూబీ.

అప్పటిదాకా బయట బండి దగ్గరే ఉన్న ఏసురాజు లోపలికి వచ్చాడు. వినీల ఏడుస్తూ తన కత్తి ఆయన చేతిలో పడేసింది. “పోనీలే రూబీ, ఇంటికెళ్లిపోదాం,” అన్నాడు.

“ఎలా పోనిస్తానండి! ఆ పిల్ల నోటితోనే చెప్పిస్తాను,” అంటూ రూబీ స్టేజీ వెనక్కి నడిచింది. “వద్దు, ఆగు,” అంటూ ఏసురాజు వెంటపడ్డాడు.

నరసాపురం పిల్ల కత్తి తుడుచుకుంటోంది. రూబీ గొంతు తగ్గించింది. “భలే ఉందమ్మా. రాజమండ్రి రమేష్ బాబు గారు చేసిచ్చారా?”

పిల్ల తలెత్తింది. రూబీ భుజం మీదుగా చూసి మొహం చేటంత చేసుకుంది.

“కాదండి, మా నాన్న చేశారు, అదిగో, ఇంకో కత్తి పట్టుకుని మీ వెనకాలే ఉన్నారు!”