నెట్టేవాళ్లు

“లైట్లు బానే ఎలుగుతున్నయ్. బ్యాటరీ తప్పు కాదు. ఇంకోసారి తాళం తిప్పు బాబాయ్,” కారు కింద నుంచి కేకేశాడు మాచర్ల నుంచి వచ్చిన మెకానిక్ మస్తాన్.

నరసింహం తిప్పాడు. పాత అంబాసిడర్ ఉలకలేదు, పలకలేదు.

“రిపేరెందుకే? నలుగురొచ్చి నెడితే పోద్ది. అలవాటేగా,” అన్నాడు భార్యతో.

“ఏ నలుగురు?” అంది సుబ్బరత్నం. “ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు నువ్వు హారన్ కొడితే బజారంతా వచ్చి నెట్టేది. ఓడిపోయినాక ఒక్కడన్నా వచ్చాడా? పొద్దుటి నుంచీ కొడతానే ఉన్నావు.”

“వస్తార్లే.”

మస్తాన్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. “సెల్ఫ్ మోటారుకి ఏ రోగమూ లేదు పిన్నీ. దానికెళ్లే వైరు ఎవరో పీకి, కొసకి టేపు చుట్టి లోపల దాచారు. ఆ టేపు చానా ఏళ్లనాటిది.”

సుబ్బరత్నం భర్త వైపు చూసింది. నరసింహం చూపు తిప్పుకోలేదు.

“నెట్టేదెవడో, నెట్టనిదెవడో ఇంకెట్టా తెలుస్తదే?”

“ఏందయ్యా నువ్వనేది? ఆంజనేయులు కాలు ఇరగ్గొట్టుకుంది దీన్ని నెడతానే గదా!”

నరసింహం మళ్లీ హారన్ కొట్టాడు.

గేటు కిర్రుమంది. కర్ర ఊనుకుంటూ ఆంజనేయులు లోపలికి వచ్చాడు.

“హారన్ ఇందాకే ఇనపడింది ప్రెసిడెంటు గారూ. ఈ కాలీడ్చుకుంటా వచ్చేసరికి ఆలస్యమైంది,” అంటూ కర్రని గోడకి చేర్చి, రెండు చేతులూ డిక్కీ మీద ఆనించాడు.

నరసింహం మొహం వెలిగిపోయింది.

“చూశావటే? వచ్చాడు!”