శుక్రవారం ఫోను

తల్లి కుట్టుమిషను మీద చెయ్యి పెట్టిందో లేదో, ఫోను మోగింది.

"అమ్మా, జలుబుల ఆంటీ!" అని నవ్వింది చిట్టి.

తల్లి నుదురు కొట్టుకుంది.

చిట్టికి కీళ్లవాతం. దానికి వాడే మందులతో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుందట. అందుకని అలాంటి పిల్లలకు ఏ వైరస్ సోకినా ముందే పసిగట్టాలని ఆసుపత్రి నుంచి ప్రతి శుక్రవారం ఒకావిడ ఫోన్ చేసి ఆరా తీస్తుంది.

"పాపకి జ్వరమేమైనా వచ్చిందా అండీ?"

"లేదు."

"దగ్గు, జలుబు?"

"కాస్త ముక్కు కారుతోంది."

"ఒక్క నిమిషం, రాసుకుంటున్నాను."

ఆవిడ రాసుకునే ఆ ఒక్క నిమిషంలో తను ఒక చొక్కా కాలరు కుట్టేయొచ్చు అనుకుంది తల్లి.

"చేతులకు గోరింటాకు పెట్టుకుని కూర్చున్నారా ఏంటండీ?" అంది తల్లి ఓపిక నశించి.

ఆవిడ నవ్వేసింది. "నేను కాస్త నిదానమండీ. ఏమనుకోకండి."

ఆ నవ్వుకు తల్లికి ఒళ్లు మండింది. కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"మీకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా అడుగుతారు. పొద్దున దీని చేతిలో మంచినీళ్ల గ్లాసు నిలవలేదు. రేపు పెద్దయ్యాక ఏం చేసుకుని బతుకుతుందో అది చెప్పండి చాలు!"

"నిక్షేపంగా బతుకుతుందండీ."

"మీకెలా తెలుసు?"

"తెలుసండీ. ఇంట్లో ఇంకెవరికైనా ఒంట్లో బాగాలేదా?"

జిడ్డులా వదలదు కదా అనుకుంది తల్లి. "మా పెద్దాడికి వీపు మీద నీటిపొక్కులు లేచాయి. చెమటకాయలే లెండి."

ఈసారి ఆవిడ రాసుకుంటానని అనలేదు.

"అమ్మా, పని అక్కడే వదిలేయండి. పాపను బాబు దగ్గరికి వెళ్లనివ్వకండి. వెంటనే తీసుకొచ్చేయండి. నేను డాక్టరుగారికి చెబుతున్నాను."

ఆ గొంతులోని కంగారు విని, తల్లి కత్తెర పక్కన పడేసి చిట్టిని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

పెద్దాడికి లేచింది ఆటలమ్మ. చిట్టికి అప్పటికే సోకింది గానీ, ముదరకముందే మందు పడింది.

"ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోయేది. ఆ ఫోను పుణ్యమా అని పిల్ల దక్కింది," అన్నారు ముసలి డాక్టరుగారు.

చిట్టి కోలుకుంది. తల్లికి మాత్రం తను అన్న మాటలు గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసింది. తిట్టిన నోటితోనే ధన్యవాదాలు చెప్పుకుందామని, మంచి గుడ్డతో ఒక సంచి కుట్టి, చిట్టిని వెంటబెట్టుకుని ఆసుపత్రిలో ఆవిడ ఫోన్లు చేసే గదికి వెళ్లింది.

కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి ఉంది.

"ఆవిడ మొన్ననే వేరే ఊరు వెళ్లారండీ. అక్కడి పిల్లలకు కూడా ఇలాగే ఫోన్లు మొదలుపెడుతున్నారు. నేనే వెళ్తానని పట్టుబట్టారు."

తల్లి ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారైనా ఆ మొహం చూసింది కాదు.

"అమ్మా, నా పెన్ను ఇక్కడుందేంటి?" అంది చిట్టి.

బల్ల మీది పెన్నుకు గుడ్డ చుట్టి బొటనవేలంత లావు చేశారు. ముడుచుకున్న వేళ్లకు పట్టు దొరకాలని చిట్టి పెన్నుకూ తల్లి అలాగే చుట్టింది. అలా చుట్టమని ఓ శుక్రవారం చెప్పింది ఆవిడే.

అటుగా వచ్చిన డాక్టరుగారు ఆ పెన్నును చేతిలోకి తీసుకున్నారు.

"మరిచిపోయి వెళ్లిందన్నమాట," అన్నారు మురిపెంగా. "కీళ్లవాతంతో మా దగ్గరికి వచ్చిన మొట్టమొదటి పాప ఆవిడేనమ్మా."