కెప్టెన్ తొడిగిన జత

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు. బూట్ల ఫ్యాక్టరీ కింది అంతస్తు మునిగి, కొత్త మోడళ్ల అచ్చులన్నీ పాడైపోయాయి. అటక మీద పాతవి మిగిలాయి. ఇంకేం, ఒకప్పుడు కుర్రకారంతా తొడిగిన బాస్కెట్‌బాల్ బూటునే మళ్లీ తెద్దామన్నాడు మేనేజరు.

తొడిగి చూసి చెప్పే పని కెప్టెన్‌ది. వయసులో ఉండగా ఊరి జట్టుకి కెప్టెన్‌గా ఆడినవాడు, ఆ పేరు అలా మిగిలిపోయింది. కిందటిసారి అతను భేషన్న బూట్లు కొన్నవాళ్లందరినీ కరిచాయి. ఈసారి కూడా అతని మాట తప్పని తేలితే ఉద్యోగం ఊడి ఇంటికే.

డిజైన్ చేసిన అమ్మాయి లేసులు తనే కట్టింది. చీలమండ దాటి లేచిన తెల్ల తోలు, పక్కన ఎర్ర చార.

"చూడ్డానికెలా ఉన్నాయి బాబాయ్?"

"పెళ్లికొడుకుల్లా ఉన్నాయి."

కెప్టెన్ పరిగెత్తాడు. గిరుక్కున తిరిగాడు. బంతితో ఎగిరి దిగాడు. ఎంతసేపూ చూపు కాళ్ల మీదే.

"బంతిని చూడవయ్యా! బూట్లెక్కడికీ పారిపోవు," అని నవ్వాడు మేనేజరు.

కెప్టెన్ ఒక బూటు విప్పి చేత్తో ఎత్తి చూశాడు. వంచాడు.

"పట్టుంది. ఆగమన్న చోట కీచుమని ఆగుతోంది. అడుగు మందం, బరువు. ఈ కాలం పిల్లలు తిట్టుకుంటారు. చీలమండ మాత్రం మెలికపడదు."

"మరి మడమ? నాకు అక్కడే అనుమానం. కరుస్తోందా?"

కెప్టెన్ ఆమె మొహంలోకి చూశాడు. జవాబేదో అక్కడ దొరుకుతుందన్నట్టు.

"లేదమ్మాయ్."

"ఒట్టు?"

"నా కాళ్లు నాకు తెలియవా?"

ఆమె ఇంకేదో అనబోయింది. మేనేజరు అప్పటికే మిషన్లు వేయమని కేకేశాడు.

"పోనీ, ఇంటికీ ఇవే తొడుక్కెళ్లు బాబాయ్," అంది అమ్మాయి నీరసంగా. "పొద్దున్నే మళ్లీ అడుగుతాను. నీ మాట మీదే పోతున్నాం."

కెప్టెన్ తలూపాడు.

ఇంట్లో భార్య బూట్ల వంక చూసింది. "ఎలా ఉన్నాయి?"

"కరవడం లేదని చెప్పాను."



మర్నాడు పొద్దున కెప్టెన్, స్పర్శ పోయి మూడేళ్లయిన తన పాదాలను రోజూలాగే అద్దం పెట్టి చూసుకుని, అచ్చు తీసేటప్పుడు ఎవరో బూటులో మరిచిపోగా తన ఎడమ మడమలో తలదాకా దిగిన చీలను పటకారుతో పీకేసి, మళ్లీ అవే బూట్లు తొడుక్కుని పనికి బయల్దేరాడు.