చల్లారిన కాఫీ

"రాజుగారు కోట్లు పోసి కట్టించిన కంచె చిన్నాన్నా, అవతలి ఉగ్రవాద ముఠా దీన్ని దాటడం జరగని పని. కాఫీ తాగు," అన్నాడు కంచె పక్క చౌకీలో సౌదీ సరిహద్దు సైనికుడు ముత్లక్.

చిన్నాన్న దైఫల్లా కప్పు కింద పెట్టాడు. ఏదైనా కోరి వచ్చిన అతిథి, అడిగింది చేస్తానని ఇంటివాడు మాటిచ్చేదాకా మా ఎడారిలో కాఫీ ముట్టడు.

ఆయన కొడుకు ఫరాజ్ ఆ ముఠాలోనే ఉన్నాడు.

"నీ కొడుకుని కాల్చొద్దంటావు, అంతేగా? సరే, నువ్వడిగింది చేస్తాను. తాగు."

"పొద్దున వాళ్లమ్మకి ఫోన్ చేసి కడసారి మాట్లాడాడు. చొక్కా కింద బాంబులు కట్టుకుని, శరణంటూ నీ దగ్గరికే వస్తాడట. రానివ్వకు. కాల్చెయ్."

"చిన్నాన్నా! వాణ్ణి ఎత్తుకు పెంచానే!"

"మాటిచ్చావురా."

దైఫల్లా చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు.

కంచె దగ్గర ఎవరో రెండు చేతులూ ఎత్తారు.

"అన్నా! నేను, ఫరాజ్‌ని!"