రోట్లో వేసిన ఫోను

"బాబూ, దీన్ని రోట్లో వెయ్యాలి!"

రాజాం బస్టాండు ఎదుట ఉన్న గోవింద్ మొబైల్ షాపులోకి వస్తూనే మరిడమ్మ కేకేసింది. చేపల బుట్ట గుమ్మం పక్కన దించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఊళ్ళో ఇంటికొకటి ఉన్న రకమే. బుట్ట ఖాళీయే గాని వాసన మాత్రం నిండుగా ఉంది.

"రోట్లో వేస్తే పచ్చడవుతాదమ్మా, రిపేరవదు," అన్నాడు గోవింద్.

రీఛార్జి అయిపోయినా ఫ్యాను గాలి వదల్లేక కూర్చున్న ధాన్యం వ్యాపారి నరసింగరావు కిసుక్కున నవ్వాడు.

"పచ్చడో పులుసో నాకు తెల్దు. రోటు సేయించమన్నాది ఆ పిల్ల."

గోవింద్‌కి అప్పుడు వెలిగింది. "రోటు కాదమ్మా, రూటు! ఫోను మీద పెత్తనమంతా మన సేతిలోకి లాక్కోడం. ఇంతకీ ఏటి కష్టం?"

"ఇది నాది కాదు. నేను సేపలేసే ఇంటి కోడలిది. మొగుడు ఇందులో కాపలా యాప్ ఎట్టినాడు. ఆడి నెంబరు తప్ప మరొకటి మోగదు. పిల్లకి ఇజీనారంలో కుట్టుపని నేర్పే ఉద్యోగం కుదిరినాది. సాయంత్రం ఆళ్ళు ఫోన్ సేస్తారు. ఎత్తలేదో, ఇంకొకలికి ఇచ్చేస్తారు."

గోవింద్ తెర వెలిగించాడు. 'యజమాని అనుమతి లేదు' అని ఎర్రటి అక్షరాలు. ఫోనును వెనక్కి తోశాడు.

"మొగుడేసిన తాళం మనం తియ్యకూడదమ్మా, కాపురాలు కూలిపోతాయి. ఆయన పేరేటి? ఒక మాట అడిగి..."

"మొగుడి పేరు ఆ పిల్ల నోటంట రాదు. 'మావ' అంటాది. పెళ్ళామే పలకని పేరు నేనేటి పలికేది?" మరిడమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "యజమానంట యజమాని! మిషను తొక్కి ఫోను కొనుక్కున్నాది ఆ పిల్ల. తొక్కినోలు ఒకలు, యజమాని ఒకలా? సేతకాదని సెప్పు, పోతాను. ఊళ్ళో ఇది తియ్యగలిగినోడు నువ్వొక్కడివేనని ఆ పిల్లే సెప్పి పంపినాది. పాపం, పొరపాటు పడినట్టున్నాది."

ఆ చివరి మాట గోవింద్ గొంతులో చేపముల్లులా దిగింది. మింగలేడు, కక్కలేడు. అసలే ఎదుటి షాపువాడు 'గోవింద్‌కిచ్చిన ఫోను గోవిందా' అని ప్రచారం చేస్తున్నాడు. పైగా నరసింగరావు వింటున్నాడు. ఆయన చెవిన పడితే బజారంతా పడ్డట్టే.

"నాకు సేతకాదా?" అంటూ కేబుల్ గుచ్చాడు.

కంప్యూటరు మొరాయించింది. "డ్రైవర్ లేదంటన్నాది," అని గొణిగాడు గోవింద్.

"రూటుండీ డ్రైవరు లేకపోతే బండెలాగెల్తాదయ్యా?" అన్నాడు నరసింగరావు.

గోవింద్ ఆ డ్రైవరేదో దించుకుని ఎక్కించాడు. ఫోను లోపలికి తొంగిచూసి ఈల వేశాడు. "ఎవడోగాని పనిమంతుడు! అచ్చం నాలాగే కాపలాని సిస్టంలో పాతేసినాడు. పైపైన పీకితే మళ్ళీ మొలుస్తాది. మామూలోళ్ళకి సాధ్యం కాదిది." ఆ పనితనం మీద అతనికి కాస్త గౌరవం కూడా కలిగింది. "అమ్మా, ముందే సెప్తన్నాను. ఫోటోలూ అవీ అన్నీ పోతాయి. తేడా వచ్చిందంటే ఫోను ఇటుకైపోతాది, మరి ఎలగదు."

"ఫోటోలు మళ్ళీ దిగొచ్చు. ఇటుకైతే అట్టుకెళ్ళి ఆ మొగుడి నెత్తినే ఏస్తాను. కానీ!"

కానిచ్చాడు. ఫోను ఆరింది. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అలిగిన కొత్తల్లుడిలా గుమ్మం దాకా రావడమే గాని గడప దాటడం లేదు. గోవింద్ కేబుల్ మార్చాడు, బటన్లు నొక్కిపట్టాడు, మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"పొరపాట్న పాత వెర్షన్ ఫైలు ఎక్కించినాను. మరోసారి తప్పితే ఇటుకే..." అంటూ కంప్యూటరు మీదికి వంగాడు.

"రోట్లో తలెట్టినాక రోకటిపోటుకి జడుస్తావేటి? ఎయ్యి!"

సరైన ఫైలు వెతికి ఎక్కించాడు. బొమ్మ వచ్చింది. పోయింది. నరసింగరావు మెడ చాచాడు. బొమ్మ మళ్ళీ వచ్చి, ఈసారి నిలిచింది. దాని వెనకే తెర తెల్లవారింది. గోవింద్ కాపలాని పట్టుకుని ఒక్క పీకు పీకాడు.

"రూటంటే వేరు! వేరుతో సహా లాగేశాను. ఆ మొగుడెవడోగాని, ఆడి బాబొచ్చినా మళ్ళీ బిగించలేడు!"

నరసింగరావు చప్పట్లు కొట్టాడు. మరిడమ్మ కొంగుముడి విప్పి ఆ పిల్ల సిమ్ము తీసింది. గోవింద్ దాన్ని ఫోనులో వేసి, దర్జాగా ఆమెకు అందించాడు.

"ఎవరికైనా కొట్టి సూసుకో అమ్మా."

"ముందు ఆ మొగుడికే కొడతాను. తాళం ఊడినాదని ఆడికి సెప్పొద్దేటి?"

"కొట్టు, కొట్టు," అన్నాడు గోవింద్ నవ్వుతూ.

"స్పీకరెట్టమ్మా, మేమూ ఇంటాం," అంటూ నరసింగరావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

సిమ్ములో దాచిన పేర్లలో 'మావ' ఉంది. మరిడమ్మ దాని మీద వేలు నొక్కింది.

బల్ల మీద, స్క్రూడ్రైవర్ల మధ్యన పడి ఉన్న గోవింద్ ఫోను గణగణా మోగింది. తెర మీద అతని భార్య పేరు వెలిగింది: తులసి.

నరసింగరావు ఆ ఫోను చూశాడు, ఈ ఫోను చూశాడు, గోవింద్‌ని చూశాడు.

మరిడమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. "ఇందాక ఆ మొగుడి పేరడిగినావు కదా బాబూ. ఎత్తి, అందరికీ నువ్వే సెప్పు."